చిరగని లాగులు

ఆ పేటలో మట్టి డాక్టరమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. మనుషులకు మందిచ్చే డాక్టరు కాదు. ఎక్కడైనా నేల పాడైందంటే వెళ్ళి, పిడికెడు మట్టి సంచిలో వేసుకుని ప్రయోగశాలకు పట్టుకుపోయి, అందులో ఏ లోహం ఎంతుందో, ఆ లోహాల మధ్య ఏ ప్రాణి ఇంకా బతికుందో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఎదురింటాయన రోజూ పూలకుండీ ఎత్తి చూపించి, "అమ్మాయ్, మా మట్టికి ఒళ్ళు వెచ్చబడింది, ఓసారి చెయ్యి చూస్తావా?" అని వేళాకోళమాడేవాడు. ఆమె కూడా ఊరుకునే రకం కాదు. "ముందు నాలిక చాపమనండి," అనేది.

ఆ శనివారం పొద్దున్న మాత్రం ఆమెకు ఎవరి వేళాకోళమూ చెవికెక్కలేదు. కాఫీ కప్పు పట్టుకుని పెరటి గోడ దగ్గర నిలబడి, గోడ అవతలి స్థలాన్నే చూస్తూ ఉండిపోయింది. కాఫీ చల్లారిపోయింది. ఇంకాసేపట్లో ఆ స్థలం ఉంటుందో, కాంక్రీటు కిందకి పోతుందో తేలిపోతుంది.

ఒకప్పుడు అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేది. షెడ్డు మూతపడింది, యజమాని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు, సీసం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏళ్ళ తరబడి యాసిడ్ తాగిన ఆ నేలలో గడ్డిపరక మొలిచేది కాదు. గాలికి వచ్చి పడిన ఆకు కుళ్ళనైనా కుళ్ళకుండా, దాన్ని తినే పురుగే లేక, పడింది పడినట్టే ఉండేది. పేట పిల్లల రక్తంలో సీసం కనిపించాక గానీ స్థలం చుట్టూ కంచె పడలేదు. ఆ పిల్లల్లో డాక్టరమ్మ కూతురు కూడా ఒకతె. ఇప్పుడా పిల్లకు బాగానే ఉంది, అల్లరికేం లోటు లేదు. కానీ ఆ రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చిన రోజు తలుపేసుకుని ఏడ్చిన ఏడుపు తల్లి మరిచిపోలేదు. ఈ నేలను బాగుచేసి, ఇదే పిల్లను ఇక్కడే పరిగెత్తిస్తానని ఆ రోజే పంతం పట్టింది.

బాగుచేయడమంటే సీసాన్ని తవ్వి పారేయడం కాదు. అంత మట్టి తీసుకెళ్ళి ఎవరి గుమ్మం ముందు పోస్తారు? ఎముకల పొడి, సున్నం, బాగా మాగిన ఆకుల ఎరువు కలిపి దున్నించింది. అవన్నీ కలిస్తే సీసం నీళ్ళలో కరగకుండా, వేరుకూ పురుగుకూ అందకుండా మట్టినే గట్టిగా కరుచుకుని కూర్చుంటుంది. పైన దట్టంగా గడ్డి వేయించింది. పోల్చి చూడ్డానికి ఒక మూలను మాత్రం ముట్టుకోకుండా వదిలేసింది. సీసం ఇంకా అందులోనే ఉంటే బాగుపడిందని ఎలా అంటావని అడిగినవాళ్ళకు ఓపిగ్గా ఒకటే చెప్పేది: "ఇంట్లో ఏ సామానుందని కాదండీ అడగాల్సింది. ఇంట్లోవాళ్ళు తింటున్నారా, తిరుగుతున్నారా, పిల్లాపాపలతో ఉన్నారా అని. నేలకి ఇంట్లోవాళ్ళంటే వానపాములు, బూజు, కంటికి కనపడని సూక్ష్మజీవులు. వాళ్ళు బాగుంటే నేల బాగున్నట్టే."

ప్రయోగశాలలో లెక్కలన్నీ బాగానే వచ్చాయి. తొట్టెకు ఒక సగంలో ఆ మట్టి, ఇంకో సగంలో మంచి మట్టి పోసి మధ్యలో వానపాముల్ని వదిలితే, మొదట్లో ఒక్కటీ ఆ మట్టి వైపు తొంగిచూడలేదు. ఇప్పుడు రెండు వైపులా సొంతిల్లులాగే తిరుగుతున్నాయి. అయితే ఈ కాగితాలన్నీ పేట కమిటీ ముందు పెడితే, కమిటీ పెద్ద అయిన రిటైర్డ్ పంతులమ్మ, అందరూ పెద్ద టీచరు అని పిలిచే ఆవిడ, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఆ షెడ్డువాడి దగ్గరా అన్నీ బాగున్నాయని కాగితాలుండేవి. కాగితాలతో ఒకసారి మోసపోయాం. నా కంటికి కనపడేది ఏదైనా చూపించు. లేదంటే కాంక్రీటు పోయించేస్తాను. కనీసం దుమ్ము లేవదు."

పక్కనే కూర్చున్న కాంక్రీటు కాంట్రాక్టరు మొహం వెలిగిపోయింది. మనిషి చెడ్డవాడేం కాదు, నవ్వుతూ తుళ్ళుతూ ఉండే రకం. "సీసం కింద పడుకుంటుంది, కార్లు పైన పడుకుంటాయి, అందరికీ సుఖం," అన్నాడు.

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఉపాయం తట్టింది. "సరే. నూలు గుడ్డ పాతుదాం. నూలు అంటే మట్టిలో జీవులకు తిండి. బతికున్న నేలైతే రెండు నెలల్లో తినేస్తుంది. చచ్చిన నేలైతే ఇచ్చిన గుడ్డ ఇచ్చినట్టే చేతిలో పెడుతుంది. బాగుచేసిన చోట ఒకటి, ముట్టుకోని మూలలో ఒకటి, పోలికకి మా పెరట్లో పూలమడిలో ఒకటి. ఉత్త గుడ్డముక్కలైతే ఎవరికీ గుర్తుండవు. లాగులు పాతుదాం!"

కమిటీ అంతా పగలబడి నవ్వింది. పెద్ద టీచరు కూడా నవ్వింది, నవ్వి ఒప్పుకుంది. లాగు మాయమైతే నేల పిల్లలది. లాగు లాగులాగే ఉంటే, తవ్వి తీసిన తర్వాతి సోమవారమే కాంక్రీటు. తిరుగు లేదు.

లాగులకు ఎక్కడికో పోనవసరం లేదు. ఇంటి ముందుగదిలో మామగారిదే టైలరు కొట్టు. ఆయన్ని ఊరంతా 'గట్టికుట్టు' అంటారు. గుడ్డ పాతబడి పోవాల్సిందే తప్ప ఆయన కుట్టు ఊడిందని ఇంతవరకూ ఎవరూ కొట్టు మెట్టెక్కలేదు.

"మామయ్యా, తెల్ల నూలు గుడ్డతో మూడు లాగులు కుట్టాలి," అంది ఆమె.

"ఎవరికి? కొలతలేవీ?"

"నేలకి. కొలతలు మీ ఇష్టం."

ఆయన కత్తెర ఆపి, కళ్ళజోడు మీదనుంచి చూశాడు. "నేను కుట్టింది పాతిపెడతావా?"

"పాతిపెట్టి, రెండు నెలలయ్యాక అందరి ముందూ తవ్వి తీస్తాం. చిల్లులు పడి, పీలికలై రావాలి."

"అందరి ముందూనా?" అన్నాడాయన. ఆ తర్వాత చెప్పింది ఎంతవరకు చెవిన పడిందో దేవుడికే తెలియాలి.

మర్నాటికల్లా మూడు లాగులూ తయారు. ఇస్త్రీ చేసి, అత్తగారి చేత నాడాలు ఎక్కించి, మడతపెట్టి మరీ ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. బయట కొన్న గుడ్డయితే ఆమె ఒక పోగు లాగి, నూలేనా అని కాల్చి చూసేదే. ఆమె పనిలో అది అలవాటు. మామగారు కుట్టిచ్చిన గుడ్డను కాల్చి చూసే కోడలు ఎక్కడైనా ఉంటుందా? సంతోషంగా తీసుకెళ్ళి పాతేసింది.

రెండు నెలలూ గడిచి ఆ శనివారం రానే వచ్చింది. పేటంతా కంచె దగ్గర చేరింది. దుమ్ము లేవకుండా ముందే నీళ్ళు చల్లారు. డాక్టరమ్మ చేతులకు తొడుగులేసుకుని, కర్ర పాతి గుర్తు పెట్టిన చోట గడ్డిని చాపలా పక్కకి మడిచి పార దించింది. మట్టి నల్లగా, మెత్తగా లేచింది. ఒక వానపాము మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో పార మట్టి తీసి, చెయ్యిపెట్టి, లాగు కొస దొరకబుచ్చుకుని పైకి లాగింది.

వచ్చింది. మొత్తం లాగు. మట్టి కొట్టుకుపోయి ఉంది గానీ ఎక్కడా చిల్లు లేదు, చిరుగు లేదు.

డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఒక్క చోటైనా పలచబడిందేమోనని వేళ్ళతో సాగదీసి చూసింది. ఊఁహూఁ.

"ఒక్క ఉతుకు ఉతికితే నేను రేపే వేసుకోవచ్చు!" అన్నాడు కాంట్రాక్టరు. జనం గొల్లుమన్నారు. ఆమెకు ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది.

"మూలది కూడా తియ్యమ్మా," అంది పెద్ద టీచరు, గొంతు తగ్గించి.

ముట్టుకోని మూలలో మట్టి గట్టిగా, బూడిద రంగులో ఉంది. అక్కడి లాగు కూడా చెక్కుచెదరలేదు. చచ్చిన నేల కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతల్లా రెండూ కవలపిల్లల్లా ఉండటమే.

"రెండూ ఒకేలా ఉన్నాయంటే, నువ్వు పడ్డ కష్టమంతా..." అని పెద్ద టీచరు ఆగిపోయింది. ఆవిడకూ బాధగానే ఉంది. కాంట్రాక్టరు మర్యాదగా పక్కకి తిరిగి జేబులోంచి టేపు తీశాడు.

డాక్టరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు కంచెకు మొహం అతికించుకుని అవతలినుంచి చూస్తోంది. ఈ వానపాము అబద్ధమా? ఈ గడ్డి అబద్ధమా? ప్రయోగశాలలో తను చూసిందంతా అబద్ధమేనా?

"మూడోది ఉంది. అది కూడా తీద్దాం," అంది, మొండికేసినట్టు.

అందరూ గోడ పక్క వాకిట్లోంచి పెరట్లోకి వచ్చారు. పూలమడిలో మట్టి సంగతి ఆమెకు కొత్త కాదు. కాయితం ముక్క పడేస్తే నెల తిరిగేసరికి కనపడదు. అలాంటి చోట పార దించి లాగితే, మూడో లాగు కూడా నిండు ఆరోగ్యంతో బయటికొచ్చింది.

ఆమె అక్కడే చతికిలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ పూలమడి చచ్చిన నేల అంటే ఎవరైనా నమ్ముతారా? నేల మూడు చోట్ల మూడు రకాలు. మూడు లాగులూ ఒకే రకం. తప్పు నేలది కాదు. తలెత్తి మామగారి వైపు చూసింది.

అంతమంది దిగాలు మొహాల మధ్య ఆయన ఒక్కడి మొహమే చింకి చాటంత అయింది. పక్కనున్న ఎదురింటాయన భుజం పట్టి కుదిపేస్తున్నాడు. "చూశారా? మూడింటిలో ఒక్క కుట్టు ఊడలేదు! రెండు నెలలు మట్టిలో!"

"మామయ్యా," అంది ఆమె మెల్లగా, "ఇది ఏం గుడ్డ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "తెల్ల గుడ్డే కదమ్మా అడిగావు."

"తెల్ల నూలు గుడ్డ అడిగాను."

ఆయన కొట్లోకి వెళ్ళి, కత్తిరింపుల్లో మిగిలిన పీలిక ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అగ్గిపుల్ల గీసి అంటించింది. పీలిక ముడుచుకుపోయి, కరిగి, ప్లాస్టిక్ కంపు కొడుతూ నల్ల పూసలా గట్టిపడింది.

"పాలిస్టర్," అంది ఆమె. "నూలులా కనపడేలా నేసింది. దీన్ని ఏ మట్టీ తినదు. మా మనవళ్ళు తవ్వినా ఇలాగే వస్తుంది."

"దారం కూడా అదే," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "నువ్వు చెప్పింది అర్థం కాక కాదమ్మా. నూలు గుడ్డే ముందేసుకుని కూర్చున్నాను. కత్తెర కదల్లేదు. ఇంతకాలం చిరక్కుండా కుట్టాను. చిరిగిపోవడానికి కుట్టమంటే నా చెయ్యి ఒప్పుకోలేదు. అందరి ముందూ నా కుట్టు పీలికలై వస్తే చూడలేననిపించింది. ఇంత పని అవుతుందనుకోలేదు తల్లీ."

ఆమెకు ఆయన మీద కొండంత కోపం వచ్చింది. వచ్చిన కోపం వచ్చినట్టే పోయింది కూడా.

"అయితే పరీక్ష చెల్లదు," అంది పెద్ద టీచరు. "గెలిచావనీ అనలేను, ఓడావనీ అనలేను."

"మళ్ళీ పాతి రెండు నెలలు చూద్దామంటే నావల్ల కాదండీ," అన్నాడు కాంట్రాక్టరు. "సోమవారానికి బండ్లు మాట్లాడేశాను. కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, కమిటీ మాటిచ్చింది మరి."

పెద్ద టీచరు పెదవి కొరుక్కుంది. మాటంటే ఆవిడకు మాటే.

ఇంత గొడవలోనూ నిమ్మకు నీరెత్తినట్టు తన పని తాను చూసుకుంటున్నది అత్తగారు ఒక్కతే. మట్టిబట్టలు ఎవరివైనా సరే, ఎందుకైనా సరే, ఆవిడ కంటబడితే ఉతకాల్సిందే. మూడు లాగులూ బకెట్లో వేసుకుని కుళాయి కిందకి పోయింది. నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"నాడాలేవీ? ఎవరు తీశారు నాడాలు?"

ఇంటి పరువు పోతుంటే ఈవిడకు నాడాల గోలేంటన్నట్టు మామగారు చూశాడు.

"మిమ్మల్నే! పిన్నీసుతో నా చేత్తో ఎక్కించాను మూడింటికీ. దీనికి లేదు. దీనికీ లేదు. ఇదిగో, దీనికొక్కదానికే ఉంది. పాతినవాళ్ళే లాగేసి ఉండాలి. ఇంత కక్కుర్తేంటి, నాడాల కోసం!"

డాక్టరమ్మ ఒక్క అంగలో కుళాయి దగ్గరికి చేరింది. "అత్తయ్యా, నాడా దేంతో చేశారు?"

"దేంతో చేస్తారు? నూలుతో. పాలిస్టర్ నాడా ముడి నిలుస్తుందా? నున్నగా జారిపోతుంది. వేసుకున్నవాడు నడిరోడ్డు మీద రెండు చేతులతో లాగు పట్టుకుని నిలబడాలి. ఆయనేం గుడ్డ వేస్తే నాకేం? నాడా సంగతి నాది. ఈ ఇంట్లో ఇంకో నాడా ఎక్కదు."

"మిగిలిన నాడా ఉందా?"

అత్తగారు కుట్టుపెట్టెలోంచి నాడా ఉండ తెచ్చింది. చిన్న ముక్క కత్తిరించి అంటిస్తే కాయితంలా కాలి, మెత్తటి బూడిదై రాలింది. డాక్టరమ్మ ఆ బూడిదను అందరికీ చూపించింది. తర్వాత నాడా ఉన్న లాగును తిప్పి చూసింది. పాతేటప్పుడు తనే నడుం పట్టీ మీద చెరగని సిరాతో గుర్తులు పెట్టింది. అది ముట్టుకోని మూలది. బాగుచేసిన చోటిదీ పూలమడిదీ ఆ రెండు ఖాళీవి.

ఆమె చెయ్యెత్తి పిలిచింది. "పెద్ద టీచరుగారూ, ఇలా రండి. మీ కంటికి కనపడాలన్నారు కదా!"

పెద్ద టీచరు కళ్ళజోడు తుడుచుకుని వచ్చింది. పూలమడి లాగు పట్టీలో వేలు పెట్టి వెతికితే తడి మట్టి తప్ప ఇంకేమీ తగల్లేదు. బాగుచేసిన చోటి లాగు పట్టీలో వేలు పెడితే, నల్లగా నానిన పోగు ఒకటి గోటికి అంటుకొచ్చి, వేళ్ళ మధ్య నలిపితే మాయమైంది. మూలలో లాగు నాడాను రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. తెగలేదు.

"నువ్వు లాగు," అని కాంట్రాక్టరు చేతికిచ్చింది. ఆయన పళ్ళు బిగించి లాగాడు. ముడి వేసి లాగాడు. ముడి గట్టిపడింది తప్ప నాడా తెగలేదు.

"అంటే," అన్నాడు ఆయన ఊపిరి తీసుకుంటూ, "బాగుచేసిన నేల లాగుని వదిలేసి నాడా తినేసిందా?"

"తినగలిగింది తినేసింది," అంది డాక్టరమ్మ. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిసిపోయాయి. "పూలమడి తిన్నట్టే తినేసింది. చచ్చిన మూల తినలేకపోయింది. ఇంతకన్నా ఏం కావాలండీ?"

పెద్ద టీచరు నాడా లేని లాగును తలకన్నా ఎత్తుగా పట్టుకుంది. తరగతి గదిలో పిల్లల్ని ఊరుకోబెట్టే గొంతుతో ప్రకటించింది. "కాంక్రీటు లేదు. నేల బతికే ఉంది. పిల్లల్ని రానివ్వండి!"

పెరడంతా కేరింతలు. ఎదురింటాయన ఈల వేశాడు. కాంట్రాక్టరు టేపు జేబులో పడేసుకుని, తల గోక్కుని, అందరికన్నా గట్టిగా నవ్వాడు. "చాలామందితో పోటీపడి ఓడాను గానీ నాడా చేతిలో ఓడటం ఇదే మొదలు. పోనీ, ఆ మూల చుట్టూ గోడైనా నన్ను కట్టనివ్వండి, అది బాగుపడేదాకా."

డాక్టరమ్మ వెళ్ళి అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. అత్తగారు సబ్బు చేతులు దూరంగా పెట్టుకుని, "వదులు, వదులు! ముందు నా నాడాలు తిన్న ఆ నేలకి చెప్పు, ఇంకోసారి అడక్కుండా ముట్టుకోవద్దని," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి, గర్వంతో మెరిసిపోతోంది.

ఆ సాయంత్రం కంచె తలుపు తీశారు. డాక్టరమ్మ షరతులు ముందే చదివింది. కూరగాయలు వేయకూడదు, గడ్డి కింద తవ్వకూడదు, ఇంటికెళ్ళగానే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. వినేదెవరు? ఆమె కూతురు అందరికన్నా ముందు లోపలికి దూకి, గడ్డి మీద ఆ చివరినుంచి ఈ చివరికి ఊపిరాడకుండా పరిగెత్తింది. తల్లి అది చూస్తూ నిలబడిపోయింది. తనకు కావలసింది అదొక్కటే.

మామగారు మాత్రం కొన్నాళ్ళు కోడలి కళ్ళలోకి చూడలేకపోయాడు. మిగిలిపోయిన ఆ మూలకు కూడా ఎరువూ ఎముకల పొడీ వేసి గడ్డి పరిచిన రోజున, ఆయనే వచ్చి ఒక పొట్లం చేతిలో పెట్టాడు. లోపల తెల్ల లాగు.

"నూలు గుడ్డ, నూలు దారం. కావాలంటే కాల్చి చూసుకో," అన్నాడు. "మీ అత్తయ్య కాపలా కూర్చుంది నేను కుడుతుంటే."

ఆమె కాల్చి చూడలేదు. పొట్లం అలాగే తీసుకెళ్ళి మూలలో పాతింది.

ఇప్పుడు మీరు ఆ కొట్టుకి వెళ్తే, అద్దాల బీరువాలో మంచి మంచి కోట్ల పక్కన, జానెడు పట్టీకి నాలుగు పీలికలు వేలాడుతున్న మట్టిరంగు గుడ్డ ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేంటని అడక్కుండా ఉండలేరు.

"నేను కుట్టిందే," అంటాడు గట్టికుట్టు, మీసం సవరించుకుంటూ. "చూశారా? ఒక్క కుట్టు మిగల్లేదు!"